యాభై ఒకటో ఫ్రేము

జిలినాలో ఫిబ్రవరి. వాహ్ నది అంచులు గడ్డకట్టాయి.
ల్యాబు కిటికీ ఆవిరి మీద ఎవరో
వేలితో ప్రశ్నార్థకం గీసి వదిలేశారు.
తెర మీద ఎర్ర కారు
రేవు గట్టు నుంచి సరుకుల పడవ మీదికి దూకుతోంది.
నిన్న రాత్రి టీవీలో చూసి పిల్లలంతా ఈలలు వేసిన దూకుడే.
మీట నొక్కి దాన్ని గాలిలో ఆపాను.

"కొలవడానికి స్కేలేదీ టీచర్?" అంది దొరోత.
ఉంది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ నడుమ
రెండు మీటర్ల డెబ్భై.
తన స్కేలు తానే మోసుకుంటూ ఎగురుతోంది కారు.

సెకనుకి ఇరవై అయిదు ఫ్రేములు.
గట్టు వదిలింది మొదలు వాలే దాకా యాభై.
అంటే రెండు సెకన్లు.
రెండు సెకన్లలో భూమి ఏ వస్తువునైనా
దాదాపు ఇరవై మీటర్లు కిందికి గుంజుతుంది,
దాని ఖరీదు ఎంతని అడగదు.
ఈ కారు దిగింది అయిదే.

"అయితే అబద్ధం!" బల్ల చరిచాడు బోహుష్.
తదేయాష్ తల ఎత్తలేదు. వాళ్ల నాన్న
ఊరి బయట ఫ్యాక్టరీలో ఆ కారుకే తలుపులు బిగిస్తాడు.

అబద్ధం కాదురా, సాగదీసిన నిజం.
పాలలో నీళ్లలా ఒక సెకనులో ఇంకో సెకను కలిపారు.
నాలుగో వంతు దిగితే సగం కాలం.
వర్గమూలం వచ్చినవాడి దగ్గర
ఈ కల్తీ దాగదు.

ముక్కు సంగతే తేలలేదు.
ముందు చక్రాలు గట్టు దాటాక కూడా
వెనక చక్రాలు నేల మీదే ఉంటాయి,
సెకనులో ఏడో వంతు.
అంతలోనే కారు ముక్కు వంగడం మొదలుపెడుతుంది,
ఇక గాలిలో దాన్ని పట్టుకునేవాడు లేడు.
మా లెక్కకి ఇరవై ఎనిమిది డిగ్రీలు.
తెర మీదేమో, నిండు పులుసు గిన్నె
రెండు చేతులా పట్టుకొస్తున్నంత సమంగా.

"చెరపొద్దు" అని రాసి బోర్డు అలాగే వదిలాం.
మూడో సాయంత్రం రేడియేటర్ బాగుచేయడానికొచ్చిన వెండెలీన్
స్పానర్ చేతపట్టుకుని దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు.
"డిక్కీలో ఇసుక," అన్నాడు. "మూడు బస్తాలు.
తడి ఇసుకైతే మేలు, జరగదు."

తొంభై నాలుగులో. ఏదో వ్యాను ప్రకటన.
రాతి క్వారీ మీంచి, రెండుసార్లు.
మొదటిసారి ఎండ మబ్బులోకి పోయిందట.

వాలేటప్పుడు? అని అడిగాను.
"వాలేటప్పుడు కెమెరా ఎలాగూ
ఇంకో షాట్‌లోకి వెళ్లిపోతుంది కదమ్మా."

మర్నాడు యాభై ఒకటో ఫ్రేము కోసం వెతికాం.
యాభై తర్వాత నున్నటి రోడ్డు. పైన్ చెట్లు.
వెనక సీట్లో కుక్కపిల్ల.
గీత కూడా పడని అదే ఎర్ర కారు.
అట్టడుగున చీమల బారంత అక్షరాలు,
శిక్షణ పొందినవారు మాత్రమే అంటూ,
పందొమ్మిది ఫ్రేముల పాటు.

లేని ఫ్రేమును లెక్కతోనే గీశాం.
అయిదు మీటర్ల వేగం ఆగాలి;
స్ప్రింగులూ టైర్లూ సీటూ కలిసి
నలిగి ఇచ్చే చోటు అర మీటరు.
డెబ్భై కిలోల మనిషి వెన్ను మీద
రెప్పపాటు
ఏడు వందల పైమాటే.

దొరోత ఉండబట్టలేక కిందికి పరుగెత్తి అడిగి వచ్చింది:
"అప్పుడు బరువు అరవై ఆరట.
ఎత్తు నూట డెబ్భై ఎనిమిది.
ఇప్పుడు కొలిస్తే నూట డెబ్భై ఆరున్నర."

దత్తాంశాల జాబితాలో,
కారు, ఇసుక, గట్టు ఎత్తు, వాటి కింద
తదేయాష్ చిన్నగా రాశాడు:
డ్రైవరు, 66.

"పడే వేగానికి దాంతో పనేముంది?
రెండు వైపులా కొట్టేసుకుపోతుంది," అన్నాడు బోహుష్.

నిజమే. పదకొండేళ్లుగా ఈ గదిలో
కొట్టేయమని నేర్పుతున్నది నేనే.

తదేయాష్ కొట్టేయలేదు.
నేనూ మార్కులు తగ్గించలేదు.